సుగుణమ్మ కోరుకున్న వరద

ఊరంతా తలుచుకుంటేనే వణికిపోయే మూడు రోజులు సుగుణమ్మకు మాత్రం బతుకులో అన్నిటికన్నా మంచి రోజులు. ఈ మాట బయటికి అంటే చెప్పుతో కొడతారు. అందుకని ఆమె అనలేదు. కడుపులోనే దాచుకుంది. దాచుకున్న మాట ఊరికే ఉంటుందా? రెండేళ్లు లోపల్లోపలే ముదిరి, ఒక సాయంత్రం ఆమెకే చెప్పకుండా నోట్లోంచి ఊడిపడింది. ఊరు ఊరంతా అవాక్కయింది. అందరికంటే ముందు అవాక్కయింది సుగుణమ్మే.

ఆ ఊరు నడిగూడెం మండలంలో ఉంది. కోదాడకు ఆటోలో పోయి రావచ్చు. పైన పెద్ద చెరువు, కట్ట కింద పొలాలు, పొలాల అంచున పల్లంలో క్రైస్తవుల వాడ, వాడ దాటితే ఊరు, ఊరు దాటితే మెరక మీద సర్కారు బడి. నీళ్లు వస్తే ఎవరి తర్వాత ఎవరు మునగాలో ఊరు కట్టిన పెద్దలే నిర్ణయించి పోయారు. సుగుణమ్మ ఆ వాడ మనిషి. యాభైకి దగ్గరపడింది. నాట్లకూ కలుపులకూ పోయే ఆడవాళ్ల ముఠాకు ఆమే పెద్ద. మనిషి పొట్టి గానీ గొంతు మహా పొడుగు. ఈ గట్టు మీద నిలబడి పిలిస్తే నాలుగు మళ్ల అవతల ఉన్న మనిషి ఉలిక్కిపడి చేతిలో కొడవలి జారవిడవాల్సిందే. భర్త సాంసన్ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీ. శనివారం వచ్చి, ఆదివారం చర్చికి పోయి, సోమవారం తెల్లారేసరికి బస్సెక్కుతాడు. ఒక్కగానొక్క కూతురు ప్రమీల సూర్యాపేటలో కాపురం చేసుకుంటోంది. వారం రోజులూ సుగుణమ్మ వండుకునేది ఒక్క మనిషికే. ఒక్క మనిషికి వండుకోవడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. అన్నం మిగిలిపోతూనే ఉండేది.

రెండేళ్ల కిందటి వానాకాలంలో రాత్రికీ పగటికీ తేడా తెలియకుండా కురిసి, ఒక తెల్లవారుజామున చెరువు కట్టకు గండి పడింది. ముందు మునిగేది వాడే కనుక ముందు లేచి బడికి ఉరికిందీ వాడవాళ్లే. బడిలో మధ్యాహ్నం భోజనాల బియ్యం బస్తాలున్నాయి, పెద్ద గంజులున్నాయి, ఎండు కట్టెలున్నాయి. సుగుణమ్మ ఎవరినీ అడగలేదు. పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. ఊళ్లోవాళ్లు తడిసి ముద్దై, పిల్లల్ని భుజాన వేసుకుని, పళ్లు టకటక కొట్టుకుంటూ చేరేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉంది. ఎవరి చేతి అన్నమని ఒక్కరూ అడగలేదు. వరసగా కూర్చున్నారు, పెట్టింది పెట్టినట్టు తిన్నారు.

ఇంకా ఎవరైనా మిగిలారేమో చూద్దామని ఆమె మళ్లీ కిందికి దిగింది. అక్కడే గొల్లవారి కోడలు ఊర్మిళ కనబడింది. నడుము లోతు నీళ్లలో, అందరూ పైకి వస్తుంటే తానొక్కతే కిందికి పోతోంది. మొగుడు ఐలన్న ముందు రోజే గొర్రెల మందులకని కోదాడ పోయి అవతలే చిక్కుకున్నాడు. గొర్రెలేమో దొడ్డిలో ఉన్నాయి. రాత్రి తడిక బిగించి కట్టింది ఊర్మిళే. అవి అరుస్తున్నాయి. సుగుణమ్మ పోయి ఆమె రెక్క పట్టుకుంది. విదిలించుకుంటే జడ పట్టుకుంది. "ఇడువే, ఇడువు! నా గొర్లు!" అని ఊర్మిళ ఆమె ముంజేతిని కొరికింది కూడా. సుగుణమ్మ వదల్లేదు. నారుకట్ట గుంజినట్టు గుంజుకుంటూ పైకి లాక్కొచ్చింది. కొంచెం సేపటికి కింద అరుపులు ఆగిపోయాయి.

ఆ తర్వాత మూడు రోజులు ఊర్మిళ సుగుణమ్మ ఒడిలో తలపెట్టుకునే ఉంది. లేచి తినే మనిషి కాదు. సుగుణమ్మే మామిడికాయ తొక్కు కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టింది. "తిను బిడ్డా, జర తిను" అంటే, ఒకసారి కళ్లు తెరిచి, "ఇంగ వద్దు అక్కా" అంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ఇంటివాళ్లు ఆమెను "ఏమే సుగుణమ్మా" అనడమే తప్ప అక్కా అన్నది లేదు. ఊర్మిళ అత్త ఆండాలమ్మ, నేల మీద కూడా తన చాప వేరే పరుచుకునే మనిషి, చలికి తట్టుకోలేక సుగుణమ్మ వీపుకు వీపు ఆనించి పడుకుంది. పొలం గెట్టు కోసం కోర్టులకెక్కిన అన్నదమ్ములు వానకు అడ్డంగా ఒకే టార్పాలిన్ బరకాన్ని చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. మాజీ సర్పంచ్ ప్రేమ్ కుమార్‌ను పట్టుకుని సుగుణమ్మ, "ఏం సర్పంచూ, కూసుంటె కట్టెలెవలు తెస్తరు?" అంటే ఆ పెద్దమనిషి కిమ్మనకుండా పోయి కట్టెలు తెచ్చాడు. అందరూ ఏడ్చారు, ఏడుస్తూ ఏడుస్తూనే ఏదో తలుచుకుని నవ్వారు. ఇన్నేళ్లలో సుగుణమ్మ అంత మందికి ఎప్పుడూ వండలేదు. అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు.

నీళ్లు తీశాయి. నాయకులొచ్చారు, ఫోటోలు దిగారు, సంచులు పంచారు. ఎవరిళ్లకు వాళ్లు పోయి బురద ఎత్తిపోసుకున్నారు. వారం పది రోజులకు, ఊర్మిళ ఎట్లా ఉందోనని సుగుణమ్మ కొంగులో గోంగూర కట్టుకుని వాళ్లింటికి పోయింది. ఊర్మిళ అరుగు మీదికి వచ్చి చాయ్ ఇచ్చింది, కాగితం గ్లాసులో. లోపల ఐలన్నా, వచ్చిన చుట్టాలూ స్టీలు గ్లాసుల్లో తాగుతున్నారు. వెనకట చూరు కింద వేరే గ్లాసు పెట్టేవాళ్లు, అది బోర్లించి ఉండేది, కడుక్కుని తాగాలి. ఇప్పుడు తాగి పారేసేవి వచ్చాయి, ఎవరికీ ఏ మాటా పడే పని లేదు. "మంచిగున్నవా సుగుణమ్మా" అంది ఊర్మిళ, కళ్లు ఎటో పెట్టి. "మఠంపల్లి దిక్కు కృష్ణకు పోయి తానాలు చేసొచ్చినం" అని ఒక కొబ్బరి ముక్క చేతిలో వేసింది. చర్చికి పోయేవాళ్లు దేవుడి కొబ్బరి తినరు. సుగుణమ్మ తిన్నది. బతికి బయటపడ్డందుకు మొక్కు తీర్చుకున్నారు కాబోలు, ఆ మొక్కులో నాకూ ఒక ముక్క దక్కింది కదా అనుకుని నమిలి మింగింది.

అక్కడి నుంచి పట్టుకుంది ఆమెకు ఆ జబ్బు. ఊళ్లో ఎవరికి పాము కరిచినా, ఏ ట్రాక్టరు బోల్తా పడినా, ఎవరికి నొప్పులొచ్చినా సుగుణమ్మ ముందుండాల్సిందే. కూలి పోయినా సరే, సూర్యాపేట దవాఖాన దాకా వెంట పోయేది. అక్కడ బెంచీ మీద, లోపల మనిషి ఉంటాడో పోతాడో తెలియని గంటల్లో, ఎవరైనా సరే ఆమె భుజం మీద తలవాల్చేవారు. "నువ్వుంటె ధైర్యమే తల్లీ" అనేవారు. డాక్టరు వచ్చి ఏం భయం లేదని చెప్పగానే అందరితో పాటు సుగుణమ్మా దండం పెట్టేది. కానీ లోపల ఎక్కడో పండగైపోయి పందిరి విప్పుతున్నట్టు ఉండేది. తిరుగు ఆటోలో వాళ్లు అప్పటికే పెసర చేలో మందు కొట్టే సంగతి మాట్లాడుకుంటూ ఉండేవారు.

సాంసన్‌కు ఇది అర్థమైంది. బస్తాలు మోసే మనిషికి బరువు ఎక్కడుందో తెలుస్తుంది. ఒక శనివారం అన్నం తింటూ, "ఎవలింట్ల పాము కరిసిందన్నా నీ మొకంల క్రిస్మస్ కనవడ్తదేందే?" అన్నాడు.

"పాడు మాటలు. సాయం జేస్తే తప్పా?"

"సాయం తప్పుగాదు. నువ్వు కాసుకోని కూసుంటున్నవ్. సూడు, ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య. నీ వరద దాటిపొయింది. ఇగ మర్సిపో."

ఆమె కంచం ఎత్తుకుని విసురుగా లేచి పోయింది. మరిచిపోవడం ఎట్లాగో మాత్రం సాంసన్ చెప్పలేదు. రోజూ కారం మెతుకులు తినేవాడికి ఒక్కపూట పెళ్లి భోజనం పెట్టి పంపితే వాడేం చేస్తాడు? దారిన పోయే ప్రతి పందిరి వైపూ చూస్తాడు. సుగుణమ్మకు కావలసింది ప్రేమ, పక్కన కూర్చుని తినే మనిషి, అక్కా అనే పిలుపు. అవి ఆమెకు దొరికింది నీళ్లలోనే కనుక నీళ్ల వైపే చూసింది. అంతే తప్ప ఎవరూ చావాలని ఆమె కోరుకోలేదు. ఈ మాట నేను ఒట్టేసి చెప్పగలను. కానీ నిరుడు వానలప్పుడు చర్చిలో పాస్టరు గారు, "ప్రభువా, మా ఊరికి మల్ల అట్లాంటి కష్టం రానియ్యకు" అని ప్రార్థన చేస్తే అందరూ ఆమెన్ అన్నారు. సుగుణమ్మ నోరు పెగల్లేదు. అందరి గొంతులూ ఆగాక తన గొంతు అందులో లేదని ఆమెకే తెలిసివచ్చి, ఒళ్లు జల్లుమంది.

ఈ ఏడు ఆగస్టు చివర మళ్లీ ముసురు పట్టింది. రెండేళ్ల కిందటంత కాదు, మామూలు వానే. గండి పూడ్చి, రాతి కట్టు కట్టి, ఇంజనీర్లు వచ్చి చూసి పోయారు. చెరువు మాత్రం నిండుతోంది. నిండిన చెరువు మిగులు నీళ్లు పొర్లిపోయే చోటును అలుగంటారు. అలుగు దుంకితే ఊరికి పండగే. ఆడవాళ్లు పసుపు కుంకుమలతో పోతారు, కొబ్బరికాయలు కొడతారు, ఆ ఏడు తిండికి కరువుండదని మురిసిపోతారు. దుంకింది అంటే పండగ మాట. తెగింది అంటే చావు మాట. చెరువు కింద బతికేవాళ్లు పాలు తాగే వయసులోనే ఈ రెంటికీ తేడా నేర్చుకుంటారు.

ఆ రోజు కలుపు ముగించి ముఠా అంతా ముందు నడిచిపోయింది. సుగుణమ్మ వెనకబడి కాలవలో కాళ్లు కడుక్కుంటోంది. పొద్దు ఇంకా వాలలేదు, వాన సన్నగా పడుతోంది. కట్ట మీద గొంగడి కప్పుకుని నిలబడ్డ ఐలన్న, అలుగు వైపు చూసి, రెండు చేతులూ పైకెత్తి అరిచాడు.

"దుంకిందీ! అలుగు దుంకిందీ!"

అరిచి, వెనక ఏ కేకా వినబడనంత హోరులోకి, అలుగు దగ్గరికి దిగిపోయాడు. గాలి ఊరి వైపు కాదు, చెరువు వైపు వీస్తోంది. ఆ కేక ఊరికి అందదు. అందుకోవలసింది సుగుణమ్మే. ఆమె ఊరి వైపు తిరిగింది. అలుగు దుంకిందని చెబుదామనే తిరిగింది. ఊపిరి నిండా పీల్చి, నోటికి చేతులడ్డం పెట్టుకుంది.

"తెగిందీ! కట్ట తెగిందీ! బడికి ఉరుకుండ్రి!"

అన్నాక విన్నది. ఆ గొంతు తనదేనా అని నోటి మీద చెయ్యి వేసుకుంది. కాదు కాదు అని ఇంకో కేక వేస్తే సరిపోయేది. వేయడానికి ఊపిరి కూడా పీల్చింది. అప్పటికే వాడలో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో "అమ్మో" అన్నారు. ముందు పోతున్న ముఠా ఆడవాళ్లు గంపలు పారేసి పరుగెత్తారు. అది చూసిన సుగుణమ్మ కాళ్లు కూడా వాళ్లతో పాటు ఉరికాయి. ఉరుకుతుంటే భయం వేసిందా అంటే వేసింది. కానీ ఆ భయం కింద ఇంకోటి ఉంది, అది సంతోషం. దాన్ని పట్టుకుని చూడడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

బడి చేరగానే పొయ్యి రాజేసింది. చేతులు వాటంతట అవే పనిచేశాయి. గంజు ఎక్కించింది, ఎసరు పోసింది, బియ్యం కడిగింది. వాడవాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే ఊరివాళ్లు గుంపులు గుంపులుగా ఎక్కి వస్తున్నారు. సుగుణమ్మ గరిటె పట్టుకుని వరండా మెట్ల దగ్గర నిలబడింది. "రాండ్రి, రాండ్రి, ఎసరొచ్చింది, బువ్వ ఐతది. ముసలోళ్లను పొయ్యి దగ్గర కూసోపెట్టుండ్రి!"

ఎవరూ ఆమె వైపు రాలేదు. ఆమె చూస్తుండగానే ఒక కుటుంబం గ్యాసు పొయ్యి, చిన్న సిలిండరు మోసుకుని మూడో తరగతి గదిలోకి పోయింది. ఇంకొకరు గిన్నెల మూటతో పక్క గదిలోకి పోయారు. ఎవరూ తడుముకోవడం లేదు. ఎవరి గది ఏదో ముందే తెలిసినట్టు నేరుగా పోతున్నారు. తడిసిన మనిషి కూడా లేడు, అందరి మీదా రెయిన్ కోట్లే. ప్రేమ్ కుమార్ గొడుగు పట్టుకుని అందరికీ దారి చూపిస్తున్నాడు. సుగుణమ్మను చూసి ఆగాడు.

"గీడ ఎందుకు పెట్టినవ్ సుగుణమ్మా పొయ్యి? మీకు ఎనక రేకుల షెడ్డు గద."

"మాకు షెడ్డేంది సర్పంచూ?"

"పోయినేడు మీటింగుల అనుకున్నం గద. మల్ల వరదొస్తె ఆగం కావద్దని. ఎవల రూము వాళ్లకు, ఎవల పొయ్యి వాళ్లకు. పోయినసారి అంత కలగాపులగమయిపాయె. నీకు ఎవలు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. మొదటిసారి వరద చెప్పకుండా వచ్చింది, గోడలు వెంట తెచ్చుకునే తీరిక ఎవరికీ దొరకలేదు. ఈసారి ఊరు తయారై ఉంది. దుప్పట్లతో పాటు గోడలు కూడా మూటగట్టి తెచ్చుకుంది.

అప్పుడే మెట్ల దగ్గర ఎవరో జారి పడ్డారు. ఆండాలమ్మ. ఊర్మిళ ఒక చేత్తో సంచి, ఒక చేత్తో అత్తను పట్టుకుని వస్తుంటే ముసలమ్మ కాలు బురదలో మెలిక పడింది. ముసలమ్మ నొప్పికి కేక పెట్టింది. సుగుణమ్మ గరిటె పారేసి ఉరికి, మోకాళ్ల మీద కూర్చుని ఆ పాదం పట్టుకోబోయింది.

"ముట్టకే!" ఆండాలమ్మ కాలు వెనక్కి గుంజుకుంది. "ముట్టకు సుగుణమ్మా, నీకు దండం పెడ్త. మల్ల కృష్ణకు వొయ్యే ఓపిక నాకు లేదు."

సుగుణమ్మకు ఒక్క క్షణం ఆ మాట అర్థం కాలేదు. "కృష్ణకా? కృష్ణకెందుకు?"

"ఎందుకేంది? మూడొద్దులు మీ చేతి కూడు తింటిమి, మీ పక్కల పంటిమి. ఆపతిల తిన్నదానికి తప్పు లేదంటరు గని, అంటు ఊకెనే పోదు గదనే. అందరం వొయ్యి మునిగొస్తిమి."

ముసలమ్మ తిట్టలేదు. వానకు గొడుగు పట్టుకున్నామన్నంత మామూలుగా చెప్పింది. సుగుణమ్మ అట్లాగే మోకాళ్ల మీద ఉండిపోయింది. రెండేళ్ల కింద తాను నమిలి మింగిన కొబ్బరి ముక్క ఇప్పుడు గొంతులోకి వచ్చి అడ్డం పడినట్టయింది. తలెత్తి ఊర్మిళ వైపు చూసింది. ఊర్మిళ తల దించుకుంది.

"నువ్వు గూడ మునిగినవా?"

ఊర్మిళ అవునన్నట్టు తలూపింది.

"నేను నీళ్లలకెల్లి గుంజుకొస్తి గదనే నిన్ను" అంది సుగుణమ్మ.

ఇంతలో గేటు దగ్గర నవ్వు వినబడింది. ఐలన్న. గొంగడి నుంచి నీళ్లు కారుతున్నాయి, చేతిలో కొబ్బరికాయ ఉంది. ఊరంతా బడిలో ఉండడం చూసి బిత్తరపోయి, "ఏమైందిరా? ఇండ్లన్ని తలుపులు బార్ల తెర్సున్నయ్, ఒక్క మనిషి లేడు!" అన్నాడు.

"కట్ట తెగిందన్నరు గద!"

"కట్ట తెగుడేంది? పోయి సూడుండ్రి, రాయి లెక్క ఉన్నది. అలుగు దుంకిందని గద నేనొర్లింది! ఎవడు జెప్పిండు తెగిందని?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముఠా ఆడవాళ్లు సుగుణమ్మ వైపు చూశారు. ఐలన్న కూడా చూశాడు. మంచి మనిషి, తనే ఆమెకు తప్పించుకునే దారి చూపించాడు. "నువ్వా సుగుణమ్మా? ఎదురుగాలి, సక్కగ ఇనవడి ఉండదు. పోనీ తియ్యిర్రి, మంచే అయింది, అందరం కలిసి అలుగు కాడికి పోదం."

కొందరు నవ్వడం కూడా మొదలుపెట్టారు. అవునని తలూపితే చాలు, ఆ సంగతి అక్కడితో ముగిసిపోయేది, పది రోజులు నవ్వుకుని మరిచిపోయేవాళ్లు. సుగుణమ్మ లేచి నిలబడి మోకాళ్ల బురద తుడుచుకుంది.

"సక్కగనే ఇనవడ్డది" అంది. "దుంకిందనే ఇనవడ్డది."

"మరి తెగిందని ఎందుకంటివి?"

"మల్ల అందరు ఒక్కకాడ కూసోని నా చేతి బువ్వ తింటరని."

ఊరంతా శాపమనుకున్న రోజుల్ని ఒక మనిషి ఇన్నాళ్లూ వరంలా మోసుకు తిరిగిందని వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. పొయ్యి మీద గంజు పొంగి మంట చుయ్యిమంది. ముందుగా తేరుకున్నది ప్రేమ్ కుమార్.

"నీకు పిచ్చి గిట్ల లేసిందా? ఉరుకుతాంటె ఏ ముసలోళ్లో, గర్భిణీలో పడి సస్తె ఏంజేస్తువు?"

సుగుణమ్మ ఆండాలమ్మ కాలు వైపు చూసింది. చీలమండ అప్పుడే ఉబ్బుతోంది. ఆమెకు నిజంగా ఆ ఆలోచన రాలేదు. ఇంతమంది ప్రాణాలు తన నోట్లో ఉన్నాయన్న సంగతి ఇప్పుడే తెలిసింది. "తప్పే" అంది. "పెద్ద తప్పు. మీరేమన్న పడ్త."

గొణుక్కుంటూ, సిలిండర్లు మళ్లీ భుజానికెత్తుకుంటూ ఒక్కొక్కరే దిగిపోయారు. ఆండాలమ్మను ఐలన్న ఎత్తుకున్నాడు. వాడవాళ్లు కూడా సిగ్గుతో తలలు వంచుకుని, ఆమెను పిలవకుండానే పోయారు. ఊర్మిళ మాత్రం మొగుడి వెంట నాలుగడుగులు వేసి, సంచి అక్కడే పెట్టి వెనక్కి వచ్చింది.

"అక్కా" అంది.

రెండేళ్లుగా ఎదురుచూసిన పిలుపు. సుగుణమ్మకు వినబడింది గానీ ఒంటికి తగల్లేదు. "నీ అత్త అంటన్నది, సరే. పెద్దామె. నువ్వు సదువుకున్నదానివి. నా ఒళ్లె పండి, నా చేత్తోని తిని, నన్ను కడుక్కొనొచ్చినవా?"

"నేను అంటు కోసం మునగలే." అంది ఊర్మిళ. "సప్పుడు పోతదేమోనని మునిగిన."

"ఏం సప్పుడు?"

"గొర్ల సప్పుడు." ఊర్మిళ వరండా స్తంభాన్ని పట్టుకుంది. "తడిక కట్టింది నేనే అక్కా. నా చేతులతోని బిగించి కట్టిన. అవి నన్నే పిలిసినయ్. నువ్వు పట్టుకోకుంటె పోయి ఇప్పేదాన్ని. ఇప్పి సచ్చేదాన్ని, గది నాకు తెలుసు. నువ్వు బతికిచ్చినవని తెలుసు. తెల్సినా..." ఆమె ఆగింది. చెప్పాలా వద్దా అని చూసింది. చెప్పింది. "నీ మొకం జూస్తె నాకు గా అరుపులే ఇనవడ్తయ్. బజార్ల నువ్వు ఎదురైతె సందు తిరిగి పోత. నువ్వు గోంగూర తెచ్చిన్నాడు, నువ్వు పొయినంక రెండు రోజులు తినలే. నువ్వు నాకేం చేసినవో నాకెరుకనే. గని నాకు వరదంటె నీ మొకమే అక్కా."

చెప్పి ఏడ్చింది. కావాలని గాయపెట్టిన మనిషి ఏడుపు కాదది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేక కుమిలిన మనిషి ఏడుపు. సుగుణమ్మ చెయ్యి అలవాటుగా ఆమె తల మీదికి పోయింది. సగంలో ఆగింది. కాగితం గ్లాసు, ఎటో చూసే కళ్లు, సుగుణమ్మా అన్న పిలుపు, ఇవన్నీ కులం కోసమే అనుకుని ఆమె రెండేళ్లు కోపగించుకుంది. కులం లేకపోలేదు. కానీ దాని అడుగున ఇది కూడా ఉందని, తాను పండగలా తలుచుకున్న ప్రతిసారీ ఈ పిల్ల నీళ్లలో నిలబడి ఉందని, కలలో కూడా అనుకోలేదు.

సుగుణమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఊర్మిళకు కనబడకుండా మొహం గోడ వైపు తిప్పుకుని నిలబడింది.

"పో బిడ్డా" అంది. "నేనిటు తిరిగే ఉంట. నువ్వు పో."